కొన్న ఆట ఎవరిది?
ఒక చిన్న వాక్యానికి వ్యాఖ్యానం

మూలం

"నేను కొన్న ఆట డిస్కు, ఆడడం అయ్యాక, సెకండ్స్‌లో ఇచ్చేస్తాను."

అవతారిక

ఈ వాక్యం మా మేనల్లుడిది. సింహాచలం కొండ దిగువన, అడవివరంలో, మా ఇంటి ముందుగదిలో ట్యూబులైటు కింద నిలబడి అన్నాడు. చేతిలో పాత కన్సోల్ తాలూకు డిస్కు ఉంది. మధ్య రంధ్రంలో చూపుడువేలు దూర్చి, అంచును బొటనవేలితో పట్టుకుని, అద్దంలా మెరిసే వైపును లైటుకేసి వంచి తిప్పుతున్నాడు. అలా తిప్పితే వెలుగు డిస్కు మీద జారుతుంది, గీత ఉన్న చోట ఆగి మెరుస్తుంది. అంచు దగ్గర వెంట్రుకంత గీత ఒకటి దొరికింది. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి బయటికి, తిన్నగా తుడిచాడు. గుండ్రంగా తుడవకూడదట, డిస్కు చదివే కిరణం వెళ్లే దారి పొడవునా గీత పడుతుందట. అంత జాగ్రత్త ఎందుకంటే, గీత లేని డిస్కుకు దుకాణంలో మంచి ధర వస్తుంది. ఆ డబ్బుకు ఇంకొంచెం కలిపితే కొత్త ఆట వస్తుంది.

వారం కిందటే వాళ్లింటికి కొత్త కన్సోల్ వచ్చింది. వాళ్ల నాన్న స్టీల్‌ప్లాంటులో షిఫ్టుల ఉద్యోగి. కొడుకు ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నాడని ఈఎంఐ మీద కొన్నారు. రెండు రకాలు చూపిస్తే కొన్ని వేలు తక్కువ ఉన్న రకం తీసుకున్నారు. ఎందుకు తక్కువో వీళ్లు అడగలేదు, అమ్మినవాళ్లు చెప్పలేదు. దానికి డిస్కు పెట్టే సందు లేదు. ఆ కన్సోల్ మీద ఏ ఆట కావాలన్నా కంపెనీ ఆన్‌లైన్ దుకాణంలోనే కొనాలి. కొన్నది ఎవరికీ అమ్మడానికి లేదు. సంగతి అర్థమయ్యాక పిల్లాడు నా దగ్గరికొచ్చి అడిగాడు: "ఏటి మావయ్యా, డబ్బులిచ్చి కొన్నది నాది కాదేటి?"

చాలా ఏళ్లు బడిలో పద్యాలకు ప్రతిపదార్థం, తాత్పర్యం చెప్పినవాణ్ణి. ఈ ప్రశ్నకు ఆ పద్ధతిలోనే జవాబు వెతికాను. వాడి వాక్యంలో ఏ మాటకు ఇప్పటికీ పాత అర్థమే ఉందో, ఏ మాట అర్థం మనకు తెలియకుండా మారిపోయిందో ఒక్కొక్కటే చూద్దాం.

నేను

ఉత్తమ పురుష, ఏకవచనం. మన భాషలో ఇంతకంటే తేలిక మాట లేదు. ఆటల యంత్రానికి మాత్రం ఈ మాట ఇప్పుడు చాలా బరువైనది.

1990లలో మన ఊళ్లలో "వీడియో గేమ్" అంటే టీవీకి తగిలించే చిన్న ప్లాస్టిక్ పెట్టె, దాని నెత్తిన గుచ్చే కేసెట్. ఒక కేసెట్ వీధిలో పదిమంది పిల్లల చేతులు మారేది. బిగుసుకుంటే ఊది మళ్లీ పెట్టేవాళ్లు. ఆ పెట్టెకు ఆడేవాడి పేరుతో పని లేదు. కేసెట్ ఎవరి చేతిలో ఉంటే వాడే "నేను".

ఇప్పటి కన్సోల్‌కు "నేను" అంటే ఖాతా. ఒక ఈమెయిలు, ఒక పాస్‌వర్డ్, ఫలానా దేశం అని ఒక గుర్తు, ఒక కార్డు నంబరు. ఆన్‌లైన్‌లో కొన్న ఆట మనిషికి కాదు, ఆ ఖాతాకు అతుక్కుని ఉంటుంది. ఆ ఖాతాను ఇంకొకరికి బదలాయించకూడదన్నది ఈ కంపెనీలన్నిటికీ ఉన్న షరతు. తాతగారి గడియారం మనవడి చేతికి రావచ్చు. అన్న ఖాతాలోని ఆటలు తమ్ముడి పేరు మీదికి రావు. ఏ కారణం చేతనైనా ఖాతా మూసేస్తే అందులో ఉన్న కొనుగోళ్లన్నీ దానితోపాటే పోతాయి.

అంటే వాక్యంలో మొదటి మాట దగ్గరే చిక్కుంది. డబ్బిచ్చిన "నేను" వేరు, ఆట ఎవరిదో కంపెనీ రాసుకున్న "నేను" వేరు.

కొన్న

కొను అనే ధాతువు మీద ఏర్పడిన భూతకాల విశేషణం. కొనడానికి జంట అమ్మడం. క్రయవిక్రయాలు అని మనం కలిపే అంటాం, ఎందుకంటే ఒకటి లేకపోతే రెండోది నిలవదు. నేను కొన్నానంటే, రేపు నేను అమ్మగలనని అందులోనే అర్థం. ఆ రెండో సగం తీసేస్తే మిగిలేది అద్దె.

ఈ తేడా మా ప్రాంతం వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, వెంకటాపురం, చీమలాపల్లి ఊళ్లను కలిపి పంచగ్రామాలంటారు. సింహాచలం దేవస్థానం భూములకు సంబంధించిన వివాదం దశాబ్దాలుగా ఇక్కడ తెగలేదు. ఎప్పుడో డబ్బు పోసి స్థలం కొనుక్కుని, ఇల్లు కట్టుకుని, పిల్లల పెళ్లిళ్లు కూడా ఆ ఇంట్లోనే చేసిన కుటుంబాలు రిజిస్ట్రేషను జరగక ఇబ్బంది పడుతున్నాయి. ఉండొచ్చు, అమ్మలేరు. ఆ వివాదంలో న్యాయం ఎటుందో తేల్చే చోటు ఇది కాదు. ఉండే హక్కు వేరు, అమ్మే హక్కు వేరు అన్న సంగతిని మా దగ్గర చదువు రాని ముసలమ్మ కూడా అనుభవం మీద చెబుతుందని మాత్రమే అంటున్నాను. ఇంటి విషయంలో అంత బాగా తెలిసిన తేడాను ఆట కొనేటప్పుడు మనకెవరూ చెప్పడం లేదు.

ఆన్‌లైన్ దుకాణంలో బటన్ మీద "కొనండి" అనే ఉంటుంది. కింద పేజీల కొద్దీ ఉన్న షరతుల్లో మాత్రం ఇది అమ్మకం కాదు, వాడుకోవడానికి ఇచ్చే లైసెన్సు అని రాసి ఉంటుంది. పెద్దక్షరాల్లో ఒకటి, చిన్నక్షరాల్లో దానికి వ్యతిరేకం. 2023 డిసెంబరులో సోనీ ఒక ప్రకటన చేసింది. ప్లేస్టేషన్ దుకాణంలో డబ్బు పెట్టి కొన్న డిస్కవరీ కార్యక్రమాలు ఆ నెలాఖరు తర్వాత కొన్నవాళ్ల ఖాతాల్లో ఉండవన్నది దాని సారాంశం. ఆ సంస్థతో ఉన్న ఒప్పందం ముగియడమే కారణం. గగ్గోలు పుట్టాక కొత్త ఒప్పందం కుదిరి ఆ తొలగింపు ఆగింది. ఆగింది గానీ, "కొన్నది" ఏ క్షణమైనా పోవచ్చని లోకానికి తెలిసొచ్చింది.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో దీనిమీద ఒక చట్టం చేసింది. 2025 జనవరి 1 నుంచి అక్కడ, లైసెన్సు మాత్రమే ఇస్తూ "కొనండి" అని రాస్తే, అది లైసెన్సేనని కొనేవాడికి స్పష్టంగా చెప్పి తీరాలి. క్రియాపదానికి అర్థం చెప్పమని ఒక రాష్ట్రం చట్టం చేయాల్సి వచ్చింది. మన దగ్గర కూడా ఆ పని జరగాలి.

ఆట

డిస్కు వేరు, ఆట వేరు. ఒకప్పుడు రెండూ ఒకటే. కేసెట్‌లో ఏముందో అదే ఆట, అంతే ఆట. ఇప్పుడు డిస్కు పెట్టగానే ఆట మొదలవదు. ముందు కొంత కన్సోల్‌లోకి ఎక్కించుకోవాలి, ఆపైన ఇంటర్నెట్ నుంచి పదుల జీబీల సవరణలు దించుకోవాలి. కొన్నిటిలో డిస్కు మీద ఉన్నది కొంత భాగమే. 2025 జూన్ 5న వచ్చిన నింటెండో స్విచ్ 2 కోసం అమ్మే కార్డుల్లో ఒక రకం మరీ విచిత్రం. ఆ కార్డులో ఆట ఉండదు, ఆటను దించుకోవడానికి తాళంచెవి మాత్రమే ఉంటుంది. కార్డును ఇంకొకరికి అమ్మొచ్చు, అది మంచిదే. కానీ దించుకునే చోటు మూతపడిన నాడు ఆ తాళంచెవితో తెరవడానికి ఏమీ మిగలదు.

ఆటలో ఒక భాగాన్ని మొదట కొన్నవాడికే పరిమితం చేసే పద్ధతి అంతకు ముందే వచ్చింది. 2010లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే పెద్ద సంస్థ తన క్రీడల ఆటల్లో ఆన్‌లైన్ పాస్ పెట్టింది. కొత్త డబ్బాలో ఒక కోడ్ ఉంటుంది, ఒక్కసారే పనిచేస్తుంది. అదే డిస్కును సెకండ్స్‌లో కొన్నవాడు ఇతరులతో ఆన్‌లైన్‌లో ఆడాలంటే మరో 10 డాలర్లు కట్టాలి. మరికొన్ని సంస్థలూ ఆ దారి పట్టాయి. జనం ఏవగించుకున్నారు. 2013 మే నెలలో ఆ సంస్థే ఆ పద్ధతి మానేసింది. మా మేనల్లుడు ఒకసారి అలాంటి దెబ్బే తిన్నాడు. పాత డిస్కు తెచ్చి డబ్బా తెరిస్తే లోపల మడతపెట్టిన కాగితం ఉంది, దానిమీద కోడ్ ఉంది. ఒక్కో అక్షరం జాగ్రత్తగా కొట్టాడు. ఇంతకు ముందే వాడేశారని తెర మీద జవాబు వచ్చింది. ఆ కాగితాన్ని మళ్లీ అలాగే మడిచి డబ్బాలో పెట్టేశాడు.

ఇంకా పెద్ద దెబ్బ సర్వర్ల మూత. యూబీసాఫ్ట్ సంస్థ 2014లో తెచ్చిన "ది క్రూ" అనే కార్ల పందేల ఆట ఒంటరిగా ఆడినా ఇంటర్నెట్ ఉండాల్సిందే. 2024 మార్చి 31న ఆ సంస్థ సర్వర్లు ఆపేసింది. ఆ రోజు నుంచి బీరువాలో గీత పడకుండా దాచుకున్న డిస్కు కూడా వట్టి పళ్లెం అయింది. దీని మీదే రాస్ స్కాట్ అనే ఆయన "స్టాప్ కిల్లింగ్ గేమ్స్" పేరుతో ఉద్యమం మొదలుపెట్టారు. ఐరోపా సమాఖ్య ముందు పెట్టిన పౌరుల అర్జీ మీద 2025 జులై నాటికి 10 లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. ఆట అమ్మినవాడు అమ్మకం ఆపుకోవచ్చు, అమ్మినదాన్ని చంపకూడదన్నది వాళ్ల మాట. అందులో నాకు తప్పేమీ కనిపించడం లేదు.

డిస్కు

సరుకు. ఈ అర్థం నాది కాదు, సుప్రీంకోర్టుది. అందులోనూ మన రాష్ట్రం పేరు మోస్తున్న తీర్పుది.

టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం అనేది ఆ కేసు. ఆరకిల్, లోటస్ లాంటి రెడీమేడ్ సాఫ్ట్‌వేర్‌ను డిస్కుల్లో పెట్టి అమ్మితే, 1957 నాటి ఆంధ్రప్రదేశ్ సాధారణ అమ్మకపు పన్ను చట్టం కింద పన్ను కట్టాలా వద్దా అన్నది వివాదం. సాఫ్ట్‌వేర్ చేతికి తగిలేది కాదు, అది బుద్ధి ఫలం, సరుకు కాదు అని కంపెనీ వాదించింది. డిస్కు మీదికి ఎక్కి, కొనడానికీ అమ్మడానికీ, ఒకచోటి నుంచి ఒకచోటికి తీసుకుపోవడానికీ వీలైనప్పుడు అది సరుకేనని మన రాష్ట్రం వాదించింది. 2004 నవంబరు 5న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం రాష్ట్రం వైపే తీర్పు చెప్పింది.

పన్ను వేసేటప్పుడు డిస్కులోని సాఫ్ట్‌వేర్ సరుకైతే, నేను అమ్ముకునేటప్పుడు కూడా సరుకే కావాలి. ఖజానాకు ఒక అర్థం, కొనుక్కున్నవాడికి ఒక అర్థం ఉండకూడదు. ఈ తీర్పు ఆటల గురించి వచ్చింది కాదు, సెకండ్స్ అమ్మకాల గురించి వచ్చింది కూడా కాదు. అయినా ఒక మాటకు అది ఇచ్చిన అర్థం మనకు బలమైన ఆధారం.

అందుకే డిస్కు పెట్టే సందు కనుమరుగవడం చిన్న విషయం కాదు. సందు పోతే సరుకు పోతుంది, సరుకుతో పాటు దాని మీది హక్కు పోతుంది. 2020 నవంబరులో వచ్చిన మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌కు సందు లేదు. 2021 ఫిబ్రవరి 2న మన దేశంలో సోనీ ప్లేస్టేషన్ 5 (పీఎస్5) విడుదలైనప్పుడు డిస్కు రకం ధర రూ.49,990, డిజిటల్ రకానికి ప్రకటించిన ధర రూ.39,990. ముందస్తు బుకింగ్ తెరిచిన నిమిషాల్లోనే డిస్కు రకం అయిపోయింది. ఏదో ఒకటి దొరకడమే భాగ్యమన్న ఆ ఆరాటంలో, ధరలో ఆ పదివేల తేడాకు బదులుగా ఏం వదులుకోవాల్సి వస్తుందో ఎందరు ఆలోచించి ఉంటారు? 2023 చివర్లో వచ్చిన సన్నటి పీఎస్5కు డిస్క్ డ్రైవ్‌ను విడిగా బిగించుకోవచ్చు. అయితే మొదటిసారి ఇంటర్నెట్‌కు కలిపి దాన్ని కంపెనీకి చూపిస్తేనే పనిచేస్తుంది. 2024 నవంబరులో వచ్చిన పీఎస్5 ప్రోకు డ్రైవ్ లేనే లేదు, కావాలంటే వేరే డబ్బిచ్చి కొనుక్కోవాలి. సందు అనేది యంత్రంతో వచ్చే భాగంగా మొదలై, అదనపు సామానుగా మారింది. ఇది ఎటు పోతోందో ఊహించడం కష్టం కాదు.

ఆడడం అయ్యాక

కాలాన్ని చెప్పే మాట, లెక్కంతా దీంట్లోనే ఉంది. కథ ఉన్న ఆట ముప్ఫై నలభై గంటల్లో అయిపోతుంది. ఆ తర్వాత ఆ డిస్కు ఆ ఇంట్లో పనికిరాదు, ఇంకో ఇంట్లో పనికొస్తుంది. పీఎస్5తో పాటు వచ్చిన సోనీ సొంత ఆటల్లో పెద్దవాటి విడుదల నాటి ధర రూ.4,999. నెల జీతం మీద బతికే ఇంట్లో అది నెల పాలబిల్లు కంటే ఎక్కువ. అంత పెట్టి కొనే ధైర్యం కుర్రాడికి ఎక్కడి నుంచి వస్తుంది? ఆడాక సగమో, అంతకు కొంచెం తక్కువో తిరిగొస్తుందన్న నమ్మకం నుంచి వస్తుంది. ఆ నమ్మకం తీసేస్తే కొత్త ఆట అమ్మకమే తగ్గుతుంది.

కంపెనీల వాదన కూడా న్యాయంగా చెప్పాలి. ఒక పెద్ద ఆట తయారీకి వందల మంది ఏళ్ల తరబడి పనిచేస్తారు. మన హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్ 2009లో పీఎస్2 కోసం "హనుమాన్: బాయ్ వారియర్" తయారు చేసింది. ఆ పనిలో ఎంత శ్రమ ఉందో మనవాళ్లకూ తెలుసు. అదే డిస్కు అయిదు చేతులు మారితే దుకాణదారుకు అయిదుసార్లు లాభం వస్తుంది, తయారుచేసినవాడికి ఒక్కసారే డబ్బు ముడుతుంది. ఇది నిజమే.

కానీ ప్రపంచంలో ఏ సరుకు అలా కాదు? విశాఖలో కొత్త బండి కొన్నవాళ్లు ఆశీల్‌మెట్ట సంపత్ వినాయగర్ గుడి ముందు పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెస్తారు. ఏడేళ్ల తర్వాత అదే బండి ఇంకొకరి పేరున మారుతుంది. ఆర్సీ మార్చడానికి రవాణా శాఖకు వెళ్లాలి గానీ, బండి తయారుచేసిన కంపెనీ అనుమతి అక్కర్లేదు, దానికి మళ్లీ డబ్బు కట్టక్కర్లేదు. ఇంటర్ పుస్తకాలు జూనియర్లకు సగం ధరకు పోతాయి. రచయిత రెండోసారి డబ్బు అడగడు. మొదటి అమ్మకంలోనే ఆ వస్తువు పూర్తి జీవితకాలానికి ధర కట్టి ఉంటుంది. ఆటకు వేరే న్యాయం ఉండడానికి కారణం లేదు.

సెకండ్స్‌లో

"సెకండ్‌హ్యాండ్" మన నోట్లో పడి "సెకండ్స్" అయింది. ఈ ఒక్క మాటను తీసేయడానికి ఆటల పరిశ్రమ చేసిన అతి పెద్ద ప్రయత్నం 2013లో జరిగింది.

ఆ ఏడాది మే 21న మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్‌ను ప్రకటించింది. జూన్ 6న షరతులు బయటపెట్టింది. కన్సోల్ 24 గంటలకోసారి ఇంటర్నెట్‌లో హాజరు వేయించుకోవాలి. వేరేవాళ్ల ఇంట్లో మన ఖాతాతో ఆడితే గంటకోసారి. హాజరు పడకపోతే ఆటలు ఆగిపోతాయి. పాత ఆటల్ని కంపెనీతో ఒప్పందమున్న దుకాణాల్లోనే మార్చుకోవాలి, అది కూడా ఆ ఆట ప్రచురణకర్త ఒప్పుకుంటేనే. స్నేహితుడికి ఇవ్వాలంటే అతను కనీసం 30 రోజులుగా మన ఖాతాలోని స్నేహితుల జాబితాలో ఉండాలి, ఒక్కో ఆటను ఒక్కసారే ఇవ్వాలి. ఇంటర్నెట్ లేనివాళ్ల మాటేమిటని అడిగితే, వాళ్లకు పాత ఎక్స్‌బాక్స్ 360 ఉంది కదా అన్నట్టు జవాబిచ్చాడు ఆ విభాగానికి అధిపతిగా ఉన్న డాన్ మ్యాట్రిక్.

జూన్ 10న సోనీ వేదికెక్కి, పీఎస్4లో పాత ఆటలకు ఏ ఆంక్షా లేదని ప్రకటించింది. సభ చప్పట్లు కొట్టింది. కొత్త సదుపాయం ఏదో ఇచ్చినందుకు కాదు, ఉన్నదాన్ని లాక్కోనందుకు ఆ చప్పట్లు. ధర కూడా 399 డాలర్లు, అవతలిది 499. జూన్ 19న మైక్రోసాఫ్ట్ ఆ షరతులన్నీ వెనక్కి తీసుకుంది. పదమూడు రోజుల్లో ప్రపంచంలోని పెద్ద కంపెనీల్లో ఒకదాన్ని మామూలు ఆటగాళ్లు వెనక్కి నడిపించారు.

చట్టం ఏమంటుంది? జపాన్ సుప్రీంకోర్టు 2002 ఏప్రిల్ 25న, పాత ఆటల అమ్మకాన్ని తయారీదార్లు ఆపలేరని తేల్చింది. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. అప్పటికే చలామణిలో ఉన్న ప్రతుల్ని మినహాయించి, కొత్త ప్రతుల్ని ప్రజలకు విడుదల చేసే హక్కే యజమానికి ఉందని 14వ సెక్షన్ అంటుంది. కంప్యూటర్ ప్రోగ్రాముల దగ్గర మాత్రం, ముందు ఎవరికి అమ్మినా సరే మళ్లీ అమ్మే హక్కు యజమానిదేనన్నట్టు ఒక మాట ఉండేది. 1999 సవరణలో ఆ మాట తీసేశారు. 2021 మార్చి 2న ఇంజినీరింగ్ ఎనాలిసిస్ కేసులో సుప్రీంకోర్టు ఆ మార్పును గుర్తుచేస్తూ, మొదటి అమ్మకంతో ఆ ప్రతి మీద యజమాని పంపిణీ హక్కు తీరిపోతుందన్న సూత్రాన్ని చట్టసభ ఉద్దేశించిందని చెప్పింది. ఆ కేసు ఆదాయపు పన్నుది. అయినా ఆ మాట డిస్కు పట్టుకున్న కుర్రాడికి అండ.

ఈ అండ డిస్కు వరకే. దించుకున్న ఆట సంగతి వేరు. ఫ్రాన్స్‌లో ఒక వినియోగదారుల సంఘం దావా వేస్తే, దించుకున్న ఆటల్ని కూడా తిరిగి అమ్మొచ్చని 2019లో పారిస్ కోర్టు అంది. 2022లో అప్పీలు కోర్టు ఆ తీర్పును తిరగగొట్టింది. అంటే సెకండ్స్ అనే మాట బతకాలంటే చేతిలో డిస్కు ఉండాలి.

ఇచ్చేస్తాను

ఇచ్చు, వేయు కలిసిన మాట. అమ్ముతాను అనలేదు వాడు, ఇచ్చేస్తాను అన్నాడు. ఇందులో అమ్మడం ఉంది, మార్చుకోవడం ఉంది, గోపాలపట్నంలో ఉన్న పెద్దమ్మ కొడుక్కి ఊరికే ఇవ్వడం కూడా ఉంది. ఒక్క కట్టుబాటు గుర్తుంచుకోవాలి. డబ్బు తీసుకుని అద్దెకివ్వడానికి మాత్రం మన చట్టం ప్రకారం హక్కుదారు అనుమతి ఉండాలి. ఇవ్వడానికి, అమ్మడానికి అలాంటి కట్టు లేదు.

2013లో సోనీ ఒక చిన్న వీడియో విడుదల చేసింది. పీఎస్4 ఆటను స్నేహితుడితో పంచుకోవడం ఎలా అన్నది దాని పేరు. ఒకాయన డిస్కు డబ్బా అందిస్తాడు, రెండో ఆయన అందుకుని థ్యాంక్స్ అంటాడు. అంతే, అయిపోయింది. అరనిమిషం కూడా లేని ఆ వీడియోను లోకం గుర్తుపెట్టుకుంది, ఎందుకంటే ఇవ్వడమంటే నిజంగా అంతే. అమ్మ పక్కింటికి కూరగిన్నె ఇచ్చినట్టు. మధ్యలో మూడోవాడు అక్కర్లేదు.

మూడోవాడు మధ్యలో ఉంటే ఏమవుతుందో మా ఊరి అనుభవంతో చెబుతాను. ఎక్స్‌బాక్స్ వన్ మన దేశానికి వచ్చింది 2014 సెప్టెంబరు 23న. సరిగ్గా 19 రోజులకు, అక్టోబరు 12న, హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడింది. చెట్లు కూలాయి, కరెంటు స్తంభాలు ఒరిగాయి, సెల్ టవర్లు మూగబోయాయి, కేబుల్ వైర్లు తెగి వీధుల్లో పడ్డాయి. ఒక వీధికి కరెంటు ముందు వచ్చింది, ఇంకో వీధికి ఫోన్ ముందు వచ్చింది. ఆటగాళ్లు పోరాడకుండా ఆ 24 గంటల హాజరు షరతు అలాగే మిగిలి ఉంటే, కరెంటు వచ్చినా నెట్ రాని ఇళ్లలో పిల్లలు సొంత డబ్బుతో కొన్న ఆటలు ఆడుకోలేకపోయేవారు. ఇల్లు వాళ్లది, పెట్టె వాళ్లది, డిస్కు వాళ్లది, అనుమతి మాత్రం సముద్రాల అవతల ఉండేది.

తాత్పర్యం

నా డబ్బుతో నేను తెచ్చుకున్న ఆట నా వస్తువు. నా అవసరం తీరాక దాన్ని అవసరమున్న ఇంకొకరికి నేను అనుకున్న ధరకు అమ్ముతాను, లేదా ఊరికే ఇస్తాను. ఇందుకు తయారుచేసినవాడి అనుమతి అక్కర్లేదు. వాక్యానికి ఇదే సరైన అర్థం. ఆన్‌లైన్ దుకాణాలు "కొను"ను లైసెన్సుగా మార్చాయి, "ఆట"ను సర్వరు దయకు వదిలాయి, "డిస్కు"ను పెట్టెలోంచి తీసేశాయి, "నేను"ను ఖాతాగా కుదించాయి. ఒక్కో మాట మారినప్పుడు చిన్న మార్పే అనిపించింది. అన్నీ కలిపి చదివితే వాక్యమే తలకిందులైంది.

దీనికి విరుగుడు మూడు పనులు. అమ్మనిదాన్ని "కొనండి" అని రాయకూడదని మన ప్రభుత్వం నిబంధన పెట్టాలి. డిస్కు పనిచేయని పెట్టె మీద ఆ సంగతి, సెకండ్స్ ఆటలు ఆడలేరన్న సంగతి, ధర ఎంత పెద్దగా ఉందో అంత పెద్దగా తెలుగులో కూడా రాయాలి. సర్వర్లు ఆపేసే ముందు కొన్నవాళ్లు ఆడుకోగలిగే ఏర్పాటు చేసి వెళ్లాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అన్యాయమైన ఒప్పందం అన్న మాటకు ఇప్పటికే చోటుంది. ఆ మాటకు ఆటల విషయంలో ప్రాణం పోయాల్సింది మనం.

తల్లిదండ్రులకు ఒక మాట. కన్సోల్ కొనేముందు దుకాణంలో ముందు అడగాల్సింది రంగూ ధరా కాదు, డిస్కు పెట్టే సందు ఉందా అని. పాత ఆట కొంటే కోడ్ వాడేశారా, నెట్ లేకుండా ఆడుతుందా అని అడగండి. చెప్పాల్సింది దాచిపెట్టి అమ్మారనిపిస్తే బిల్లు జాగ్రత్త చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. మీరు ఉంటున్న జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు.

మా మేనల్లుడి పాత కన్సోల్ ఇంకా అమ్మలేదు. ఆ గీత పడ్డ డిస్కు ఆదివారం నాడు గోపాలపట్నం వెళ్లింది, పెద్దమ్మ కొడుకు చేతికి. అక్కడ అది ఆడుతోంది.